రిబ్కాను చూచి వచ్చాము

మే నెలలో మా గడ్డపోతారం సంఘములో వి.బి.ఎస్. పది దినములు జరిగింది. చివరి దినమున పిల్లలకు స్టీలు గిన్నెలు, పెన్నులు పంచడం ఏటా ఉన్న అలవాటు. ఈసారి ఆ డబ్బుతో పిల్లలను హైదరాబాదుకు తీసికొనిపోయి మ్యూజియములు చూపిద్దామని మేము అన్నాము. అంతే, పెద్దల కూటములో గంటన్నర చర్చ. "పిడికెడు బియ్యం అమ్మిన డబ్బుతో బొమ్మలు చూడబోతారా?" అని ఒక పెద్దాయన అడిగారు. మాట కటువుగా ఉన్నా అడగవలసిన ప్రశ్నే. ఆ బియ్యం తల్లులు వండబోయే ముందు కుండలోనుంచి తీసి పెట్టినది. అయ్యగారు మాత్రము, "గిన్నె ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయి, చూచినది ఒక్కటీ లేదు" అని తేల్చారు.

పిల్లలు పదునెనిమిది మంది, పెద్దవారము ఆరుగురము. మాతోపాటు డెబ్భై దాటిన ఒక అవ్వ కూడ బయలుదేరింది. పిల్లల పేరున ఆమె వస్తున్నదో, ఆమె పేరున పిల్లలు వస్తున్నారో తెలియలేదు. పదవ తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న ఒక అబ్బాయిని వాళ్ళమ్మ బ్రతిమాలి ఎక్కించింది. జూన్ ఒకటో తారీఖు నుంచి అతనిని కంపెనీలో ప్యాకింగు పనికి, రోజు కూలీకి పెట్టాలని తండ్రి మాట్లాడి ఉంచాడు. దారి పొడుగునా అతను ఎవరితోనూ మాట్లాడలేదు.

బొల్లారం మీదుగా బస్సులో మియాపూర్, అక్కడ మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగాము. పులిహోర డబ్బాలు బరువు, ఎండ బరువు. మీరు వెళ్ళదలచితే ఒక్కమాట గుర్తుంచుకోండి: సాలార్‌జంగ్ మ్యూజియము శుక్రవారము మూసి ఉంటుంది. మాకు తెలిసిన ఒక సంఘమువారు గుడ్ ఫ్రైడే మరుసటి వారము సరిగ్గా శుక్రవారమే పోయి గేటు చూచి తిరిగి వచ్చారు.

ఈ మ్యూజియము ప్రధానముగా ఒక్క మనిషి కోరిక. మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్, చిన్న వయస్సులోనే నిజాం వద్ద దివాన్ పదవి చేసి, రెండేళ్ళకే అది వదలి, మిగిలిన జీవితమంతా వస్తువులు సేకరిస్తూ గడిపాడు. పెండ్లి చేసికొనలేదు. 1949లో వారసులు లేకుండా కన్నుమూశాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ఆయన దేవిడీలోనే మ్యూజియము తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనమునకు మార్చారు. వస్తువులు 40,000కు పైగా ఉన్నాయి. అన్నీ చూడాలనుకుంటే ఏదీ చూడరు. మేము రెండే అనుకొని వెళ్ళాము.

మొదటిది రిబ్కా. తెల్లని పాలరాతి స్త్రీ, ముఖము మీద ముసుగు. చెక్కినవాడు ఇటలీ దేశపు శిల్పి బెంజోనీ. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరమునకు పోయినప్పుడు కొని తెచ్చాడు. అక్కడికి వచ్చేవారిలో చాలామందికి అది అందమైన బొమ్మ మాత్రమే. మన పిల్లలకు అట్లా కాదు. ఆదికాండము 24వ అధ్యాయము పది దినముల క్రితమే చెప్పుకున్నాము: ఒంటెమీద వస్తున్న రిబ్కా, పొలములో ఎదురు వస్తున్న ఇస్సాకును చూచి, దిగి ముసుగు వేసికొన్నది. ఒక చిన్నపాప గట్టిగా, "ఒంటె ఏదీ?" అని అడిగింది. పక్కనున్నవారంతా నవ్వారు గాని, కథ తెలిసిన పిల్లకే ఆ ప్రశ్న వస్తుంది.

అవ్వ మాత్రము నవ్వలేదు. దగ్గరకు పోయి, కంటిమీద చెయ్యి అడ్డము పెట్టుకొని చాలాసేపు చూచింది. "గంత పల్చని బట్ట రాయిల ఎట్ల తీసిండు బిడ్డా? లోపల ముక్కు గూడ అవుపడుతుంది" అన్నది. నిజమే. ముసుగూ రాయే, ముఖమూ రాయే, రెండూ ఒకే రాయి. అయినా కంటికి ఒకటి బట్టగా, ఒకటి చర్మముగా కనబడతాయి. రాయిని ఎక్కడ ఎంత లోతుగా తీయాలో, ఎక్కడ తీయకుండా వదలాలో తెలిసిన చెయ్యి అది. వెలుతురు పడే చోట ముఖము, నీడ పడే మడతల్లో ముసుగు. ఇది మాకు అక్కడి వారెవరూ చెప్పలేదు, అవ్వ చూపిస్తే చూచాము.

రెండవది గడియారము. గంట కావడానికి కొద్ది నిమిషముల ముందే జనము నేలమీద కూర్చుంటారు. గడియారములోని చిన్న తలుపు తెరచుకొని ఒక గడ్డపు మనిషి వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పై మూలన ఒక కమ్మరి బొమ్మ క్షణక్షణమూ సమ్మెట వేస్తూనే ఉంటాడు. ఈ సందడిలోనే మా ఏడేళ్ళ పిల్లవాడు ఒకడు తప్పిపోయాడు. పావుగంట మాకు ప్రాణములు పోయినంత పనైంది. వెదకి వెదకి తిరిగి వస్తే, జనము లేచిపోయినా వాడొక్కడే గడియారము ఎదుట కూర్చుని ఉన్నాడు. "గడ్డపాయన మళ్ళా ఎప్పుడొస్తడో చూద్దామని" అన్నాడు. తిట్టడానికి నోరు రాలేదు.

పులిహోర తిని పురానీ హవేలీలోని నిజాం మ్యూజియమునకు పోయాము. ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఇరవైయైదేళ్ళ పాలన ఉత్సవమునకు 1937లో వచ్చిన కానుకలు ఇక్కడ పెట్టి 2000 సంవత్సరములో తెరిచారు. పిల్లలు వెండి బొమ్మలు చూచారు, స్త్రీలు మాత్రము ఆరవ నిజాం బట్టల బీరువా వద్ద ఆగిపోయారు. బీరువా అంటే ఇంట్లో గోద్రెజ్ కాదు; 176 అడుగుల పొడవు, రెండు అంతస్తులు, చేతితో త్రిప్పే లిఫ్టు. మహబూబ్ అలీఖాన్ కట్టిన బట్ట మళ్ళీ కట్టేవాడు కాదని చెబుతారు. "ఉతుకుడు బాధ తప్పింది" అని మాలో ఒక సోదరి అన్నది.

2018 సెప్టెంబరులో వెంటిలేటరు దారిన ఇద్దరు దొంగలు వజ్రములు పొదిగిన బంగారు టిఫిను డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకొనిపోయారు. కొద్ది రోజులకే దొరికారు. వారిలో ఒకడు ఆ డబ్బాలో అన్నము పెట్టుకొని తిన్నాడని అప్పుడు పోలీసులు చెప్పారు. పిల్లలకు రాజు పేరు గుర్తు లేదు గాని ఇది మాత్రము ఇంటికి పోయి అందరికీ చెప్పారు.

పబ్లిక్ గార్డెన్సులోని రాష్ట్ర పురావస్తు మ్యూజియమునకు 1930లో చేరిన ఐగుప్తు మమ్మీని చూపాలని మాకు ఎంతో ఆశ. యోసేపు శవమును సుగంధ ద్రవ్యములతో సిద్ధపరచి పెట్టెలో ఉంచారని చెప్పినప్పుడు పిల్లలకు అది ఏమిటో అర్థము కాలేదు. కాని సమయము చాలలేదు. ఎందుకంటే బహదూర్‌పురాలో అనుకొన్నదానికంటె రెట్టింపు సేపు ఉన్నాము.

అక్కడ జూపార్కు దగ్గర సుధా కార్ల మ్యూజియము ఉంది. 2010లో తెరిచారు. కె. సుధాకర్ గారు ఒక్కరే తలపెట్టిన పని. బూటు ఆకారములో కారు, క్యామెరా కారు, బర్గరు కారు, క్రికెట్ బ్యాటు కారు. బొమ్మలు కావు, ఇంజను ఉన్నవి, నడిచేవి. చాలామట్టుకు పాత ఇనుము, తుక్కు సామానుతో చేసినవి. 2005లో ఆయన 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రముల సైకిలు చేసి, తొక్కి, గిన్నిస్ పుస్తకములో ఎక్కాడు. నిజము చెప్పాలంటే, దీనిని మేము పిల్లల సరదాకు చేర్చుకొన్నాము. రిబ్కా తరువాత ఇది చిన్నతనముగా ఉంటుందేమో అనుకొన్నాము కూడ.

దినమంతా మాట్లాడని మా అబ్బాయి ఇక్కడ నేలమీద మోకరించాడు. ప్రార్థనకు కాదు, కారు క్రింద చూడడానికి. ఛాసిస్ ఎక్కడ అతికించారు, స్టీరింగు కడ్డీ ఎట్లా వంచారు, ఈ ఇంజను ఏ బండిది. అక్కడ పనిచేసే ఆయనను ఒకదాని వెంట ఒకటి అడిగాడు. ఆయన కూడ విసుగుకొనలేదు. "వెల్డింగు వచ్చా?" అని అడిగితే, "మా వీధిలో షాపు కాడ కొంచెం నేర్చుకున్న" అన్నాడు. వాళ్ళమ్మకు కూడ ఈ సంగతి తెలియదు. ఆ షాపులో సాయంత్రములు ఆడుకొంటున్నాడని అనుకొన్నది.

తిరుగు ప్రయాణములో బస్సు కిక్కిరిసి ఉంది. అవ్వకు సీటు దొరికింది. పిల్లలు ఆమె చుట్టూ చేరారు. రాళ్ళూ, బట్టలూ, గడియారాలూ దాచిపెట్టారు సరే, విత్తనములు దాచే ఇల్లు లేదా అని అడిగింది ఆమె. ఉంది, మన పటాన్‌చెరులోనే. 1972లో మొదలైన ఇక్రిశాట్ వారి జన్యు నిధిలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యముల రకములు 1,20,000కు పైగా ఉన్నాయి. సున్నకు ఇరవై డిగ్రీలు తక్కువ చలిలో ఏండ్ల తరబడి పాడు కాకుండ ఉంచుతారు. దానిలో ఒక వంతు నార్వే దేశపు మంచుకొండ క్రింద స్వాల్‌బార్డులో కూడ దాచారు. పరిశోధనకు అడిగినవారికి ఇస్తారు. అవ్వ వేలు మడుస్తూ తాను విత్తిన జొన్నల పేర్లు చెప్పింది. మాకు తెలిసినవి అందులో రెండే.

"విత్తనం ఇస్తరు సరే," అన్నది చివరకు, "ఏ నీళ్ళు పెట్టి పండియ్యాలె?"

మాలో ఎవరమూ మాట్లాడలేదు. పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపట్ల కంపెనీల వ్యర్థజలముల మీద 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యము పడింది. అప్పుడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలున్నారు. మా ఇండ్లలో జీతములు వచ్చేదీ ఆ కంపెనీల నుంచే. అది కూడ దాచవలసిన పని లేదు. ఒక అమ్మాయి, "అవ్వా, చెరువుల చేపలు ఉండేటివా?" అని అడిగితే, బొల్లారం వచ్చేదాకా ఆమె చేపల పేర్లే చెప్పింది. కొర్రమట్ట, జెల్ల, పరక, బొచ్చె. మాకు కాగితము లేక ఒక పిల్లవాని వి.బి.ఎస్. పుస్తకము వెనుక అట్టమీద వ్రాసికొన్నాము.

మరుసటి ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ అబ్బాయి తల్లి మా దగ్గరకు వచ్చింది. ఐటీఐలో వెల్డరు పనికి పదవ తరగతి తప్పినవారిని తీసికొంటారా అని అడిగింది. వెల్డరుకు ఎనిమిది చదివితే చాలునని విచారించి చెప్పాము. దరఖాస్తు తెచ్చి అయ్యగారి ఇంట్లో కూర్చుని నింపాము. కులము, ఆదాయము పత్రములకు మీసేవలో ఇచ్చాము. తండ్రి సంతకము ఒక్కటే మిగిలింది. ఆయనకు ఈ వారము నైట్ షిఫ్టు. ప్యాకింగు వారికి మాట ఇచ్చాను గదా అంటున్నాడు. బుధవారము ఉదయము షిఫ్టు దిగి వచ్చే వేళకు అయ్యగారు, ఆ కూటములో మమ్ములను ప్రశ్నించిన పెద్దాయన, ఇద్దరూ కలిసి ఆ ఇంటికి పోతున్నారు.