నలభై దాటితే పళ్లు ఊడాల్సిందేనా?

ఉగ్గాని వేడివేడిగా తినాలి, పక్కన మిరపకాయ బజ్జీ ఉండాలి. మొన్న ఆదోనిలో మా బంధువుల ఇంట్లో ఆ రెండూ పెట్టారు. ఇంటి ఇల్లాలు మాత్రం తన బజ్జీని పక్కకు నెట్టేసింది. "కుడిపక్క నమిలితే ప్రాణం పోతాదక్కా" అంది. ఆమెకు నలభై రెండేళ్లు. డాక్టరుకు చూపించుకోలేదా అంటే నవ్వేసింది. "నలభై దాటినాక పండ్లు ఊడక ఏమైతాయి? మాయమ్మకూ ఇట్లనే ఊడిపాయ. రాత!"

మర్నాడు ఎమ్మిగనూరు వెళ్లాను. అక్కడ మగ్గాల ఇంట్లో కండెలు చుట్టే ఒకామె పరిచయం. యాభై దాటింది. సంపాదనలో మా ఆదోని ఆమె కంటే చాలా తక్కువ. కానీ రెండు పళ్లు తప్ప అన్నీ ఉన్నాయి! ఎలాగమ్మా అంటే, "పన్ను నొప్పి లేస్తే కండె సాగదు, కండె సాగకుంటే మగ్గం ఆగుతాది. అందుకే సలుపు మొదలైన రోజే పోతా" అంది.

మరి తేడా ఎక్కడుందంటారు? తిండిలో కొంత, నీళ్లలో కొంత ఉండొచ్చు. కానీ ఆ రెండు జవాబులూ మళ్లీ చదవండి. ఒకామె పళ్ల సంగతి రాతకు వదిలేసింది. ఇంకొకామె తన చేతుల్లోనే ఉందనుకుంది.

ఆరన్ ఆంటొనోవ్‌స్కీ అనే సామాజిక శాస్త్రవేత్త ఇజ్రాయెల్‌లో నడివయసు స్త్రీలను పరిశీలించాడు. నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడినవాళ్లలో కూడా నూటికి 29 మంది మానసికంగా బాగానే ఉన్నారట. అంత నరకం చూసినవాళ్లు ఎలా నిలబడ్డారన్నదే ఆయన ప్రశ్న. ఆయన చెప్పినదాన్ని మన భాషలో చెప్పుకుంటే ఇదీ: జరుగుతున్నది అర్థం కావాలి, తట్టుకోవడానికి ఏదో ఒక ఆసరా ఉందనిపించాలి, ఆ పాటు పడటం దండగ కాదనిపించాలి. ఫిన్లాండ్‌లో 2000 సంవత్సరపు ఆరోగ్య సర్వే వివరాలను దంత పరిశోధకులు ఈ కోణంలో చూశారు. ఇలాంటి దృష్టి బలంగా ఉన్న పెద్దవాళ్లు పళ్లు ఎక్కువసార్లు తోముకుంటున్నారనీ, వాళ్ల నోరు మెరుగ్గా ఉందనీ తేలింది.

ఇది చదివి ఇంట్లో మగవాళ్లు "చూశావా, నీ మనసు బాగాలేకే నీ పళ్లు పాడయ్యాయి" అంటే ఒప్పుకోకండి! మనకు ఇప్పటికే ఉన్న నిందలు చాలు. డబ్బు లేకపోతే, తోడు వచ్చే మనిషి లేకపోతే ఎంత ధైర్యస్తురాలైనా వాయిదా వేస్తుంది. ధైర్యం పెట్టుకున్నంత మాత్రాన పిప్పి పన్ను పూడదు కూడా.

దిగులు నోటిదాకా ఎలా వస్తుందో చూడండి. మనసు బరువుగా ఉన్న రాత్రి పళ్లు తోముకోవాలనిపించదు. తీపి టీలు, వక్కాకు ఎక్కువవుతాయి. నిద్రలో తెలియకుండానే పళ్లు కొరుకుతాం. పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుంటే అదే కారణం కావచ్చు. ఆందోళనతో నోరు ఎండిపోతుంది. పంటికి కాపలా కాసేది లాలాజలమే కదా! ఒత్తిడి నెలల తరబడి ఉంటే చిగుళ్ల వాపుతో పోరాడే శక్తీ తగ్గుతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఇంకా కష్టం.

మా ఆదోని ఆమెతో కాసేపు కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. ఆమెది బద్ధకం కాదు, భయం. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందని ఎవరో చెప్పారట. అది అబద్ధం. పంటి నరం వేరు, చూపు నరం వేరు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్నదీ అంతే. గార పోయాక సందులు కనబడతాయి, అప్పటికే చిగురు దిగిపోయి ఉంటుంది కాబట్టి. ఇక చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని బ్రష్ మానేసింది. మానేస్తే పాచి పేరుకుని రక్తం ఇంకా ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్‌తో, ఫ్లోరైడ్ పేస్టుతో, రాత్రి పడుకోబోయే ముందు కూడా రెండు నిమిషాలు తోమాలి. లవంగ నూనె నొప్పిని ఆ పూటకు ఆపుతుంది, అంతే. పొగాకు నలిపి పెట్టడం మాత్రం వద్దే వద్దు.

ఒంటరిగా వెళ్లడానికి జంకేవాళ్లు పక్కింటి వదినను వెంట తీసుకెళ్లండి, ఇద్దరూ ఒకేరోజు చూపించుకోండి. ఖర్చుకు వెనకాడేవాళ్లకు దంత కళాశాలల ఆసుపత్రుల్లో సాధారణంగా తక్కువే అవుతుంది. కర్నూలులో జి. పుల్లారెడ్డి దంత కళాశాల ఉంది. పడమటి పల్లెల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయే అక్కచెల్లెళ్లు బయలుదేరక ముందే చూపించుకుంటే మేలు. అక్కడ కూలి మానుకుని ఆసుపత్రి వెతుక్కోవడం ఎవరి తరం? రొట్టెలు, కారంపొడి కట్టుకునే మూటలోనే బ్రష్, పేస్టూ పెట్టుకోండి.

పోయిన వారం ఆదోని నుంచి ఫోను వచ్చింది. కుడివైపు పై పన్ను తీసేశారట. "కండ్లు బాగానే కనబడుతుండాయక్కా" అని నవ్వింది. "పక్క పన్ను నిలబెట్టొచ్చంటున్నారు. శుక్రవారం మళ్లీ రమ్మన్నారు, మా ఆడబిడ్డ కూడా వస్తానంటాంది."