గేటు దగ్గర లేని సెన్సారు

2023 డిసెంబర్లో విజయనగరంలో సలార్ చూశా. పక్క సీట్లో ఎనిమిదేళ్ళ గుంటడు. తెర మీద తల తెగిపడగానే నాన్న చొక్కాలో మొహం దాచేసుకున్నాడు. "ఏటయిపోనాదిరా, సినిమాయే కదా, సూడు" అంటూ ఆయన వాడి గడ్డం పట్టుకుని తెర వైపు తిప్పుతున్నాడు. బయట పోస్టర్ మీద 'ఎ' ఉంది, వెతికితే కనిపిస్తుంది. ఇంటర్వెల్లో గేటు దగ్గరాయన్ని అడిగా.

"నానేటి సేసేది బాబూ, టికెట్టుంది, పంపినాను."

ఆయన్నేమనగలం? ప్రభాస్ అభిమానుల్ని ఒక్కడూ ఆపాలా?

సరిగ్గా అదే నెలలో యానిమల్ మీద రచ్చ. రాజ్యసభలో కాంగ్రెస్ ఎంపీ రంజీత్ రంజన్ కూడా మండిపడ్డారు. ఇటు నిషేధించాలని కొందరు, అటు భావప్రకటన స్వేచ్ఛ అని కొందరు. దానిదీ 'ఎ' సర్టిఫికెట్టే. మరి ఆ అక్షరం పనిచేస్తోందా అని అడిగినవాళ్ళు నాకైతే కనపళ్ళేదు. మనవాళ్ళకి కత్తెర మీదున్న మోజు గేటు మీద లేదు!

చట్టం లేక కాదు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి 'ఎ' సినిమా వెయ్యడం చట్టవిరుద్ధం. 2023 సవరణలో యు/ఎ ని 7+, 13+, 16+ అని మూడు ముక్కలు చేశారు. బానే ఉంది, కానీ అవి తల్లిదండ్రులకి సలహాలు మాత్రమే. గేటు దగ్గర ఆపగలిగేది 'ఎ' ఒక్కటే, దాన్నే ఎవరూ పట్టించుకోరు. నిర్మాతలకి మాత్రం దాని విలువ బాగా తెలుసు. 2025లో కూలీకి 'ఎ' ఇచ్చారని సన్ పిక్చర్స్ మద్రాస్ హైకోర్టు దాకా వెళ్ళింది, కోర్టు ఒప్పుకోలేదు. హిట్ 3 కి నాని తనే పిల్లల్ని తీసుకురావద్దన్నాడు. ఆ మాట హీరో చెప్పాల్సి రావడమేంటి?

"అయితే నరుకుళ్ళన్నీ కత్తిరించేస్తే పోలా" అంటారా? నాకు భయం అక్కడే. 1967లో లేవిడి దగ్గర కోరన్న, మంగన్నల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. శ్రీకాకుళం పోరాటం రాజుకుంది అక్కడే. రేపు మా వైపు కుర్రాడెవడో అది సినిమా తీస్తే రక్తం లేకుండా ఎలా తీస్తాడు? బోర్డు కోతలు పెడితే ఇదివరకు అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది, 2021లో ఎత్తేశారు. ఇక హైకోర్టే గతి. సన్ పిక్చర్స్ కి లాయర్లున్నారు. వీడికెవరున్నారు? కత్తెరకి పదునెక్కిస్తే తెగేది వీడి సినిమానే. స్టార్ సినిమాలో తలలు ఎప్పట్లాగే ఎగురుతుంటాయి.

పెద్దవాళ్ళకి ఏం తీసినా చూడనివ్వండి, గేటు దగ్గర వయసు చూడండి. నేనడిగేది ఇంతే. ఆన్లైన్లో టికెట్ కొనేటప్పుడు 'నాకు పద్దెనిమిది నిండాయి' అని ఓ బటన్ నొక్కిస్తారు. అలాంటి బటన్లు కోడ్ చేసి బతికేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, దానికి ఎదురుగా ఎవరున్నారో తెలీదు.

సెకండాఫ్ లో ఆ గుంటడు నిద్రపోయాడు. ఫైట్ వచ్చినప్పుడల్లా వాళ్ళ నాన్న లేపుతూనే ఉన్నాడు.