వేలిముద్రకు ముందు...

ధోలువో. ఈ పేరెప్పుడైనా విన్నారా? బరాక్ ఒబామా తండ్రి మాతృభాష ఇదే. కెన్యాలో విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము, సియాయా, హోమాబే ప్రాంతాల్లో మాట్లాడతారు. 2019 జనాభా లెక్కల్లో లువోలు 50 లక్షల పైచిలుకు. అంతమందిలో ఇంగ్లిషు నుంచి ధోలువోలోకి అనువదించేవాళ్లకు కరవా? కథలకైతే ఫరవాలేదు. మలేరియా టీకా గురించి రాయమంటేనే వస్తుంది చిక్కు!

2009-14 మధ్య ఆర్‌టీఎస్,ఎస్ అనే ఆ టీకాను ఏడు ఆఫ్రికా దేశాల్లో 15 వేల మందికి పైగా పిల్లలపై పరీక్షించారు. సియాయా, కొంబేవా కేంద్రాలు లువోల ప్రాంతంలోనివే. బిడ్డను చేర్చుకోవాలంటే ముందు కన్నవాళ్లకు అంగీకారపత్రం అర్థం కావాలి. చదువు రాకపోతే సాక్షి ఎదుట వేలిముద్ర వేయాలి. ఇలాంటి పరీక్షల్లో ఎవరికి ఏ టీకా అన్నది డాక్టరు ఎంచడు, లాటరీలా తేలుతుంది. ఆ ఒక్క ముక్క సరిగా రాయకపోతే 'మా పిల్లాడికి ఇదే మంచిదని డాక్టరే ఎంచి ఇచ్చాడు' అనుకుంటుంది తల్లి. (మనవాళ్లయితే 'యాదృచ్ఛికంగా' అని రాసి చేతులు దులుపుకుంటారు. మన అమ్మమ్మలకు అదేమర్థమవుతుంది?)

కెన్యా బళ్లలో మాతృభాషలో చదువు చిన్న తరగతులతోనే సరి. సైన్సంతా ఇంగ్లిషులోనే. అందుకే డాక్టరుకు విషయం తెలిసినా ధోలువో మాట తట్టదు. భాష మీద పట్టున్న పంతులుగారికి టీకా సంగతి తెలీదు. రెండూ తెలిసినవాళ్లు ఎక్కడుంటారు? ఊరి ఆస్పత్రిలో! రోజూ ఇవే సంగతులు నోటితో చెప్పే నర్సులు, ఆరోగ్య కార్యకర్తలు. నన్నడిగితే అనువాద సంస్థల జాబితా కంటే ముందు వాళ్లనే అడగాలి.

ఎందుకంటారా? ఎయిడ్స్‌ను ధోలువోలో 'అయాకి' అంటారు. దోచుకోవడమనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. 'చిరా' అని ఇంకోటుంది. ఆచారం తప్పితే మనిషి చిక్కి శల్యమవుతాడని లువోల నమ్మకం. ఎయిడ్స్ రోగీ అలాగే చిక్కిపోతాడు కదా... రెండూ ఒకటేననుకున్నవాళ్లు ఎందరో. తెలియనివాడు కరపత్రంలో 'చిరా' అని రాశాడో, రోగి మాత్రలు మానేసి శాంతి చేయించుకోవడానికి బయల్దేరతాడు!

రాసింది సరిచూడటానికీ ఓ పద్ధతుంది. మూలం చూడని మరొకరితో మళ్లీ ఇంగ్లిషులోకి రాయించి రెంటినీ పోలుస్తారు. అదొక్కటే చాలదు. ధోలువోలో స్వరం మారితే అర్థం మారుతుంది, మామూలు రాతలోనేమో ఆ స్వరం కనిపించదు. కాబట్టి నలుగురు తల్లుల్ని కూర్చోబెట్టి పైకి చదివి, 'ఏమర్థమైందో మీ మాటల్లో చెప్పండి' అనాలి.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2024లో లువో భాష కూడా చేరింది. చిత్తుప్రతికి పనికొస్తుందేమో. ఆ ప్రతి కూడా చివరికి నర్సమ్మ బల్ల మీదికే రావాలి. 'మీ భాషేగా, కాస్త చూసిపెట్టు' అని ఊరికే చేయించుకోకుండా, ఆ పనికీ డబ్బివ్వాలి.