రోబోకి బండి చేయడం చిన్న పనేం కాదు



గత పేరెంట్స్ మీటింగ్ రోజు ఒక అమ్మగారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మేడమ్, మిగతా పిల్లలంతా రోబో చేస్తుంటే మా అమ్మాయిని బండి చేసే పనిలో వేశారట. దానికి రోబో రాదనుకున్నారా?" ఆవిడ కోపంగా అడగలేదు, బాధపడుతూ అడిగారు. వెనక ఇంకా చాలామంది నిలబడి ఉండటంతో రెండు ముక్కలు చెప్పి పంపేశాను. ఇంటికెళ్లాక ఆ రెండు ముక్కలు నాకే నచ్చలేదు. అందుకే ఈ నెల ఈ పేజీలో ఆవిడకీ, మనసులో అదే ప్రశ్న ఉన్న మీకందరికీ వివరంగా జవాబు చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఆ బండి అవసరం ఎందుకొచ్చిందో చెప్తాను. అందులో తప్పు నాదే.

నిరుడు మన పిల్లలు ఒక పోటీకి రోబో తయారు చేశారు. పొడవు, వెడల్పు, ఎత్తు ఏదీ 18 అంగుళాలు దాటకూడదన్నది నియమం. బరువు 14 కిలోలు వచ్చింది. మూడు నెలల పాటు స్కూలు అయ్యాక ఆగి మరీ కష్టపడ్డారు. పోటీ విశాఖలో. దాన్ని అక్కడికి ఎలా చేర్చాలన్నది బయల్దేరే ముందు రోజు సాయంత్రం దాకా నాకు తట్టనే లేదు. పాత టీవీ అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ దుప్పట్లు కుక్కి, ఆటోలో నౌపడ స్టేషన్‌కి తీసుకెళ్లాం. రైలు ఎక్కించే హడావిడిలో పెట్టె అడుగు ఊడిపోయింది. రోబో చెయ్యి నేలకు కొట్టుకుని, మోటారు బిగించిన బ్రాకెట్ వంగిపోయింది. అక్కడ మిగతా టీములు ప్రాక్టీసు చేసుకుంటుంటే మన పిల్లలు నేల మీద కూర్చుని బ్రాకెట్ సాపు చేసుకున్నారు. మొదటి రెండు మ్యాచ్‌లు ఆడనే లేదు.

తిరుగు రైల్లో ఎవరూ మాట్లాడలేదు. పలాస రైలు పొందూరు దాటాక ఒక అమ్మాయి మాత్రం నోట్‌బుక్ తీసి ఏదో గీస్తూ, "మేడమ్, వచ్చే ఏడాది దీనికో బండి చేద్దామా?" అంది. ఆ అమ్మగారి కూతురే ఈ పిల్ల. అంటే తనని ఆ పనిలో నేను వెయ్యలేదు. తనే అడిగి తీసుకుంది.

బండి అంటే తేలిగ్గా తీసుకుంటాం గానీ, పెద్ద పోటీల్లో దీన్ని చాలా సీరియస్‌గా చూస్తారు. అమెరికాలో డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ అనే సంస్థ 1992 నుంచి హైస్కూలు పిల్లలకు రోబో పోటీలు పెడుతోంది. వాళ్ల పెద్ద పోటీలో 2024 సీజన్ నియమాల ప్రకారం ఒక్కో రోబో బంపర్లు, బ్యాటరీ కాకుండానే 125 పౌండ్ల దాకా, అంటే సుమారు 57 కిలోల దాకా ఉండొచ్చు. దాన్ని చేతుల మీద మోస్తే నడుములు పడిపోతాయి. అందుకే ప్రతి టీముకీ ఒక బండి ఉంటుంది, ఆ బండికీ నియమాలుంటాయి. తోసేవాళ్ల అదుపులో ఉండాలి, పక్కవాళ్లకు ప్రమాదం కాకూడదు, పాటలు మోగించే పరికరాలు బిగించకూడదు, 30 అంగుళాల తలుపులోంచి పట్టాలి.

ఆ 30 అంగుళాల లెక్క విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మన నౌపడకి ఆ కొలత కొత్తది కాదు. పర్లాకిమిడి రాజావారు వేయించగా 1900లో మొదలై, తర్వాత గుణుపురం దాకా సాగిన చిన్న రైలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దాని పట్టాల మధ్య దూరం 2 అడుగుల 6 అంగుళాలు, అంటే సరిగ్గా 30 అంగుళాలు. పక్కనే మెయిన్ లైన్ పట్టాల మధ్య 5 అడుగుల 6 అంగుళాలు. ఆ బోగీ ఈ పట్టాల మీద నడవదు. సరుకు ఏదైనా నౌపడలో దించి, మళ్లీ ఎక్కించాల్సిందే. 2004లో చిన్న రైలు ఆపి, ఆ లైనును బ్రాడ్‌గేజ్‌గా మార్చాక గానీ ఆ తిప్పలు తీరలేదు. సరుకు ఎంత మంచిదైనా, దారిలో అన్నిటికంటే ఇరుకైన చోట అది పట్టకపోతే అక్కడే ఆగిపోతుంది. మన పిల్లలకు నేను చెప్పిన మొదటి పాఠం ఇదే. "ముందు బండి గీయకండి. టేపు తీసుకుని దారి కొలవండి" అన్నాను.

కొలిచారు. అన్నిటికంటే ఇరుకైనది ఎక్కడో కాదు, మన స్టోర్ రూమ్ తలుపే. 28 అంగుళాలు. మొదట గీసిన బండి చక్రాల దగ్గర 24 అంగుళాలే ఉంది, అందరూ సంతోషించారు. అట్టతో నమూనా చేసి తోస్తే తలుపులో ఇరుక్కుంది. పక్కలకు పొడుచుకొచ్చిన హ్యాండిళ్లతో కలిపితే 31 అంగుళాలు! కాగితం మీద ఎవరికీ కనిపించని తప్పు అట్ట దగ్గర బయటపడింది. హ్యాండిల్ వెనక్కి మార్చి, మొత్తం వెడల్పు 22 అంగుళాలకు తెచ్చారు.

తర్వాత చక్రాలు. ఆన్‌లైన్‌లో చూసి, ఆఫీసు కుర్చీలకుండే రెండంగుళాల చక్రాలు చాలనుకున్నారు. మన పిల్లల్లో ఒకడి నాన్నగారిది వెల్డింగ్ షాపు. ఆయన ఆ బొమ్మ చూసి, "సిన్న సక్రాలు ఏసినారంటే పలకల సందులో ఇరుక్కుపోతాయి టీచరమ్మా. ఉప్పు బస్తాలు లాగే బండి సూడండి, సక్రం ఎంతుంటాదో" అన్నారు. మర్నాడు క్లాసులో ఆ మాటనే లెక్క వేశాం. నేల మీద ఒకటిన్నర సెంటీమీటర్ల గట్టు ఉందనుకోండి. రెండంగుళాల చక్రం దాన్ని ఎక్కాలంటే, ఆ చక్రం మీద పడే బరువుకు రెండింతల పైన బలంతో అడ్డంగా తొయ్యాలి. అదే ఆరంగుళాల చక్రమైతే ఆ బరువులో ముప్పావు వంతు బలం చాలు. అంటే శ్రమ మూడో వంతుకు తగ్గింది. ఆయన చదివింది ఏడో తరగతి. ఆయన అనుభవంతో చెప్పినదాన్ని మన పిల్లలు పదో తరగతి లెక్కతో నిరూపించారు. ఎవరు ఎవరికి పాఠం చెప్పారో మీరే ఆలోచించండి.

వెనక రెండు పెద్ద చక్రాలు, ముందు తిరిగే చక్రాలు రెండు, వాటికి బ్రేకు. మెట్లు వస్తే వెనక్కి తిప్పి పెద్ద చక్రాల మీద లాక్కోవచ్చు. ఇది మన స్టేషన్ల కోసం మన పిల్లలు ఆలోచించుకున్నది.

ఇక బండి పడిపోవడం సంగతి. మొదటి బొమ్మలో రోబో పై అరలో ఉంది, నిలబడి పని చేసుకోవడానికి వీలుగా. చక్రాల మధ్య 56 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం నేలకు 84 సెంటీమీటర్ల ఎత్తున. అలాగైతే బండి పక్కకు 18 డిగ్రీలు వాలితే చాలు, బోల్తా. రోబోని, బ్యాటరీలని, పనిముట్ల పెట్టెని కింది అరకు దించితే గురుత్వ కేంద్రం 42 సెంటీమీటర్లకు వచ్చింది. అప్పుడు 34 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. కానీ కింద పెడితే వంగి పని చెయ్యాలి, నడుం నొప్పి. దీని మీద రెండు రోజులు వాదించుకున్నారు. చివరికి ప్రయాణంలో కింది అర, చేరాక ఇద్దరు పట్టుకుని పై పలక మీదకు ఎత్తడం అని తేల్చుకున్నారు. బెల్టు రోబో చేతికి కాదు, అడుగు ఫ్రేముకే కట్టాలి. బ్యాటరీ కనెక్షన్ తీశాకే బండి కదలాలి. ఇవన్నీ ఆ అమ్మాయి ఇంగ్లీషులో ఒక పేజీ రాసి బండికి అంటించింది. వెల్డింగ్ షాపులో విన్నది తెలుగులో, రాయాల్సింది ఇంగ్లీషులో. ఏ వాక్యమూ బట్టీ పట్టింది కాదు. "మా పిల్లలకి ఇంగ్లీషులో సొంతంగా రాయడం రావట్లేదు" అని మీరు నాతో అంటుంటారు కదా, ఆ పేజీ ఒకసారి వచ్చి చదవండి.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. బండికి మార్కులు రావు. నిజమే, రావు. ఫీజు కట్టేది చదువుకి గానీ ఇనుప పనికి కాదంటారు. ఆ మాట వెనక ఇంకో మాట ఉంది, మనం పైకి అనం. బండి అనగానే మనకు కూలిపని గుర్తొస్తుంది. మన పిల్లలు ఆ పనికి దూరంగా ఉండాలనే కదా ఇంత ఖర్చు పెడుతున్నాం అనిపిస్తుంది. మిమ్మల్ని తప్పు పట్టను. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. బి.ఎడ్.లో 'చేస్తూ నేర్చుకోవడం' మీద పేజీలకు పేజీలు జవాబులు రాసిన నాకే, రోబోకి బండి కావాలన్న సంగతి అది కింద పడ్డాక గానీ తెలియలేదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి లాంటి పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలంటోంది. ఆ పనివాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు, కొందరు మన పేరెంట్స్ మీటింగ్‌లోనే వెనక వరసలో కూర్చుంటున్నారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఒక నాన్నగారు మంచి మనసుతోనే, "రెడీమేడ్ ట్రాలీ నేను కొనిస్తాను, పిల్లల టైం వేస్ట్ చెయ్యకండి" అన్నారు. వద్దన్నాను. కొంటే బండి వస్తుంది గానీ, 31 అంగుళాల హ్యాండిల్ తలుపులో ఇరుక్కున్న ఆ క్షణం రాదు. అలాగని పిల్లల చేతికి వెల్డింగ్ మిషన్ ఇవ్వలేదు. పైపులు కొయ్యడం, అతకడం షాపులో పెద్దవాళ్లే చేశారు. కొలతలు, లెక్కలు, బోల్టులు, రెడ్ ఆక్సైడ్ పెయింటు పిల్లలవి. మన ఉప్పుగాలికి ఏ ఇనుమూ ఆగదు కాబట్టి నెలకోసారి చక్రాలకు నూనె వేసే వంతులు కూడా వాళ్లే రాసుకున్నారు.

మిమ్మల్ని మూడే కోరుకుంటున్నాను. ఒకటి, పిల్లలు చేస్తున్నది వంకరగా ఉన్నా మీరు చేసి పెట్టకండి. రెండు, మీకు చక్రాల గురించో, తాళ్ల గురించో, బస్తాలు సర్దడం గురించో తెలిస్తే, ఇంగ్లీషు రాదని మొహమాటపడకుండా వచ్చి చెప్పండి. మూడు, మీ పిల్లల్ని "రోబో చేశావా, బండి చేశావా?" అని అడగకండి. "ఏం తప్పు పోయింది, ఎలా సరిచేశావు?" అని అడగండి.

గత శనివారం రోబో బదులు 14 కిలోల ఇసుక సంచీ పెట్టి, బండిని స్టేషన్ దాకా తోసుకెళ్లి తీసుకొచ్చారు. సంచీ పడలేదు. మెట్ల దగ్గర ఒక బెల్టు వదులైంది, ఇప్పుడు దాని సంగతి చూస్తున్నారు. వచ్చే పోటీలో ప్రైజు వస్తుందో రాదో నేను మాటివ్వలేను. టీమ్ లిస్టులో మాత్రం బండి చేసినవాళ్ల పేర్లు రోబో చేసినవాళ్ల పేర్లతో కలిపే ఉంటాయి, వేరే వరసలో ఉండవు.

ఆ రోజు నన్ను అడిగిన అమ్మగారికి నా జవాబు ఇదండీ. మీ అమ్మాయికి రోబో రాదని కాదు. నిరుడు మా అందరికీ తట్టనిది తనకు తట్టింది. ఈ శనివారం నాలుగింటికి మళ్లీ తోస్తారు. ఒకసారి రండి. హ్యాండిల్ మీరే పట్టుకుని చూడండి.