మందుల చీటీ మీద ఆ నంబర్ ఉందా? డాక్టర్‌పై ఫిర్యాదు ఎక్కడిదాకా వెళ్తుంది?

చేర్యాలలో ఉన్నారు, ఇంట్లో పిల్లాడికి జ్వరం. 'డాక్టర్' అన్న బోర్డు చూసి లోపలికి వెళ్లారు. చీటీ చేతికొచ్చాక డిగ్రీల వరుసను పక్కనపెట్టి, రిజిస్ట్రేషన్ నంబర్ ఉందేమో చూడండి. అల్లోపతి డాక్టర్ ఎవరైనా ఆ నంబర్‌ను క్లినిక్‌లోనూ, చీటీ, సర్టిఫికెట్, రసీదులపైనా వేయాలని 2002 నాటి వైద్య వృత్తి నియమావళి చెబుతోంది.

తెలంగాణలో ఈ నంబర్ ఇచ్చేది హైదరాబాద్‌లోని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్. జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లోని ఇండియన్ మెడికల్ రిజిస్టర్‌లోనూ డాక్టర్ పేరు వెతకొచ్చు.

అసలు నంబరే లేకపోతే? చట్టం ప్రకారం ఆర్ఎంపీ అంటే రిజిస్టరైన వైద్యుడు. మన ఊళ్లలో మాత్రం రిజిస్టర్ కానివారికే ఆ పేరు స్థిరపడింది! అలాంటివారికి రద్దు చేయడానికి లైసెన్సే ఉండదు కాబట్టి అది పోలీసు కేసు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా రూ.5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

నంబర్ ఉన్న డాక్టర్ నిర్లక్ష్యం చేశారనిపిస్తే ముందు కాగితాలు సంపాదించండి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఆ తర్వాత కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. కౌన్సిల్ డాక్టర్ వాదన కూడా వింటుంది. ఆయన లాయర్‌ను పెట్టుకోవచ్చు. తప్పు తేలితే హెచ్చరించవచ్చు, కొంతకాలం లేదా శాశ్వతంగా రిజిస్టర్ నుంచి పేరు తొలగించవచ్చు. ఆరు నెలల్లో తేల్చాలన్నది నియమం.

కౌన్సిల్ పరిహారం మాత్రం ఇప్పించదు. దానికి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. దంతవైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులకు వేరే కౌన్సిళ్లున్నాయి.

ఎక్కువమందికి తెలియని చిక్కు ఒకటుంది. కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే డాక్టర్ 60 రోజుల్లో జాతీయ కమిషన్‌లోని ఎథిక్స్ బోర్డుకు అప్పీల్ చేసుకోవచ్చు. 2019 చట్టం 30వ సెక్షన్ ఆ హక్కు డాక్టర్‌కే ఇచ్చింది, రోగి ఊసే లేదు. పాత మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉన్నప్పుడు నియమావళి ప్రకారం బాధితులెవరైనా అప్పీల్ చేసేవారు. కొత్త సెక్షన్‌ను చూపి రోగుల అప్పీళ్లను కమిషన్ తిప్పిపంపిన సందర్భాలున్నాయి. ఫిర్యాదును కౌన్సిల్ కొట్టేస్తే డాక్టర్ లైసెన్స్ విషయంలో మీరు హైకోర్టులో రిట్ పిటిషన్ వేయొచ్చు.