అడుగుబురద లెక్కలోకి రాదా?

పడమటి తీరంలో కర్ణాటక వేట నిషేధం ఏటా జూలై 31తో ముగుస్తుంది. మంగళూరు రేవు నుండి మరబోట్లు ఆగస్టులో సముద్రం మీదికి పోతాయి. వాటిపై పనిచేసే వారిలో ఆంధ్ర తీరం నుండి వలసపోయిన మన మత్స్యకార్మికులూ ఉన్నారు. పట్టుబడిని బట్టి రాబడి ముట్టే ఈ వృత్తిలో వల ఖాళీగా తేలితే, ఆ లోటు ముందుగా కనిపించేది కార్మికుని కంచంలోనే. ఆ తీరపు అడుగునీటిలో ప్రాణవాయువు క్షీణించేది కూడా సరిగ్గా ఆ నెలలలోనే. అడుగున మసలే చేపలు, రొయ్యలు ఆ నీటిని విడిచి తప్పుకుంటాయి. తప్పుకోలేనివి చస్తాయి.

ఇందుకు కారణమేమిటి? నైరుతి ఋతుపవన కాలంలో, మొదటే ప్రాణవాయువు తక్కువగా ఉన్న లోతునీరు తీరం వైపు ఉబికివస్తుంది. వర్షాల మంచినీరు దానిపై మూతలా పరచుకొని గాలి అందకుండా చేస్తుంది. ఇక మిగిలిన పని అడుగుబురదది. పైన పెరిగిన సూక్ష్మ నాచు చచ్చి అడుగుకు దిగుతుంది. నదులు, మురుగుకాలువలు తెచ్చే మలినం దానితో కలుస్తుంది. దానిని కుళ్లబెట్టే బాక్టీరియా ప్రాణవాయువును వాడుకుంటాయి. 1 గ్రాము కర్బనం పూర్తిగా కుళ్లడానికి సుమారు 2.7 గ్రాముల ప్రాణవాయువు కావాలి. మన ఉష్ణజలాలలో ఉపరితలాన సైతం లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములే ఉంటుంది గనుక, ఆ ఒక్క గ్రాము 400 లీటర్లకు పైగా నీటిని పీల్చివేయగలదన్నమాట.

మలినం దండిగా చేరిన బురదలో కొద్ది మిల్లీమీటర్ల లోతుకే ప్రాణవాయువు అయిపోతుంది. అక్కడి నుండి బాక్టీరియా నైట్రేటును, ఇనుము, మాంగనీసు ఆక్సైడులను, చివరకు సల్ఫేటును ఆశ్రయిస్తాయి. అప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు కుళ్లిన గ్రుడ్డు కంపు కొడుతుంది. పైకి వచ్చినప్పుడు అది మళ్లీ ప్రాణవాయువునే మ్రింగుతుంది. షావుకారు పద్దు వంటిదే ఇది: నేడు తీరని అప్పు రేపటికి నిలిచే ఉంటుంది.

గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన నక్వీ, ఆయన సహచరులు 1999లో ఈ తీరపు అడుగునీటిలో ఆ వాయువునే కనుగొని, 2000లో ప్రకటించారు. ప్రకృతిసిద్ధమైన కొరతను భూమి మీది నుండి చేరే నత్రజని తీవ్రతరం చేసి ఉండవచ్చునని వారు భావించారు. ప్రకృతి వాటా ఎంత, మనిషి వాటా ఎంత అన్నదానిపై శాస్త్రజ్ఞులలో భిన్నాభిప్రాయాలున్నాయి. దోషమంతా కర్మాగారాలదేనని మేమూ అనడం లేదు. వాటిని మూసివేయాలన్నది మా కోరిక అసలే కాదు. ట్రాలు వల కూడా అడుగును కెలుకుతుందన్నది కాదనలేని సంగతి. అయితే చేప తగ్గినప్పుడల్లా జాలరి అతివేటనే వేలెత్తి చూపేవారు మురుగుగొట్టం వైపు ఎందుకు చూడరని మా ప్రశ్న.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమావళికి 1993లో చేర్చిన సాధారణ ప్రమాణాలను చూడండి. లోతట్టు నదులు, చెరువులలోకి వదిలే వ్యర్థజలానికి బి.ఓ.డి. పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములు; తీరసముద్రానికి 100. సముద్రం పెద్దది, కలిపేసుకుంటుందని కాబోలు ఈ ఔదార్యం! పైగా ఆ పరీక్ష 27 డిగ్రీల వద్ద 3 రోజులు మాత్రమే సాగుతుంది. బురదలో దిగిన మలినం నెలల తరబడి, ఒక్కొక్కచో ఏళ్ల తరబడి ప్రాణవాయువును కోరుతూనే ఉంటుంది. మూడు రోజుల సీసా పరీక్షకు ఈ బాకీ చిక్కదు.

కనుక తీరసముద్రపు పరిమితిని నిర్ణయించేటప్పుడు అడుగుబురద వాడుకునే ప్రాణవాయువును కూడా కొలిచి లెక్కలోకి తీసుకోవాలని మేము కోరుతున్నాము. ఆగస్టు నుండి అక్టోబరు వరకు అడుగునీటి కొలతలను ప్రతి రేవులోను, వలస కార్మికులు చదవగల భాషలలో, తెలుగుతో సహా, ప్రకటించాలి. కొలత పడిపోయి పట్టుబడి తగ్గిన రోజులకు నిషేధకాలంతో సమానంగా భృతి చెల్లించాలి. అది బోటు యజమానికి కాక బోటు మీద పనిచేసిన కార్మికుని చేతికే అందాలి.