సముద్రమట్టానికి దిగువన ఒక ఊరు

జపాన్‌లో నగోయా నగరాన్ని ఆనుకుని ఉన్న కనియే పట్టణం విస్తీర్ణం 11 చదరపు కిలోమీటర్లే. జనం సుమారు 37 వేలు. కిసో నది డెల్టాలోని ఈ నేల చాలావరకు సముద్రమట్టానికి దిగువనే ఉంది. వాననీరు దానంతటది పోదు, పంపులతో నదిలోకి ఎత్తిపోయాలి. 1959 నాటి ఇసే అఖాతం తుపానులో దేశవ్యాప్తంగా మృతులు, గల్లంతైనవారు 5 వేలు దాటారు; ఈ డెల్టా దారుణంగా మునిగింది. అలాంటిచోట ఇంకా ఎందుకుండాలన్న ప్రశ్న సబబైనదే. అయితే నగోయాలో పనిచేసేవారు రైల్లో కాసేపట్లో ఇల్లు చేరే ఊరిది. పైగా ఏటా ఆగస్టులో కనియే నదిపై లాంతర్ల పడవ సాగే సునారి ఉత్సవానికి 2016లో యునెస్కో గుర్తింపు దక్కింది. నదిని వదిలి ఆ పండుగ ఎక్కడికీ పోజాలదు. ఊరు ఖాళీ చేయించడం పరిష్కారం కాదు. తన దగ్గర పనిచేసేవారు ఇక్కడ ఉంటున్నారు కాబట్టి, నది గట్లనూ పంపులనూ కాపాడే ఖర్చులో నగోయా కూడా పాలు పంచుకోవడమే న్యాయం.